పాత చెరోకీకి కొత్త రెక్క కొనలు: వేగం పెరుగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముగ్గురు మిత్రులు కలిసి డాలస్ దగ్గర 1970 నాటి పైపర్ చెరోకీ 140 అనే చిన్న విమానం కొన్నారు. రెక్క కొనల తొడుగులు పగుళ్లు పట్టాయి. ఎలాగూ మార్చాలి కనుక, కిందికి వంపు తిరిగిన కొత్త ఆకారపు ఫైబర్‌గ్లాస్ కొనలు వేస్తే గంటకు నాలుగైదు మైళ్లు కలిసొస్తాయని ఒక ప్రకటనలో చదివారు. పక్క హాంగర్లోని (విమానాల షెడ్డులోని) పైపర్ వారియర్ విమానానికి ఉన్నదీ మీలాగే 150 హార్స్‌పవర్ ఇంజనే. అయినా మీకంటే ఎక్కువ బరువు మోస్తూ మీతో సమానంగా పైకి ఎక్కుతోంది. ఆ రెక్క గుణం మీ రెక్కకు తెప్పించవచ్చా, పెద్ద విమానాల్లా వింగ్‌లెట్లు, అంటే కొనల దగ్గర పైకి నిలబడే చిన్న రెక్కలు, పెట్టుకోవచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వేగం కోసమైతే కొనలు మార్చకండి. పగిలాయి కాబట్టి మార్చాలనుకుంటే తప్పకుండా మార్చండి, మీకు నచ్చిన ఆమోదిత ఆకారమే వేసుకోండి. కానీ గంటకు అయిదు మైళ్లు రావు. నా లెక్కలో అర మైలు కూడా రాదు. వారియర్ బాగా ఎక్కడానికి కారణం దాని కొనల ఆకారం కాదు, ఆ కొనల మధ్య దూరం. ఆ దూరం కొనుక్కోవాలంటే వారియరే కొనుక్కోవాలి.

నేను బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్ పుష్పక్ విమానాల దగ్గర పని నేర్చుకున్నాను. తరువాత అమెరికా వచ్చి ఇరవై నాలుగేళ్లుగా మెకానిక్‌గా, ఏటేటా తనిఖీ సంతకాలు చేసే ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. నా చేతుల మీదుగా వెళ్లిన వాటిలో సగానికి పైగా చెరోకీలూ సెస్నాలే. కింద చెప్పేది ఆ పని నేర్పినదే. లెక్కలు మాత్రం ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

మీ రెక్క అలా ఎందుకుంది

చెరోకీ మొదటిసారి ఎగిరింది 1960 జనవరిలో. రూపకర్తలు ఫ్రెడ్ వైక్, కార్ల్ బెర్గీ, జాన్ థార్ప్. వైక్ అంతకుముందే ఎర్కూప్ అనే చిన్న విమానం గీసిన మనిషి. మామూలు పైలట్ పొరపాటు చేసినా విమానం స్పిన్‌లో, అంటే గిరగిరా తిరుగుతూ కూలే స్థితిలో, పడకూడదన్నది ఆయన జీవితకాలపు పట్టుదల. చెరోకీ రెక్కలో ఆ పట్టుదల కనిపిస్తుంది. మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పు, సుమారు అయిదుంపావు అడుగులు. అందుకే దానికి అమెరికాలో హెర్షీ చాక్లెట్ బిళ్ల పేరు పెట్టారు. పక్కటెముకలన్నీ ఒకే కొలత కాబట్టి ఒకే అచ్చుతో కొట్టేయవచ్చు, ఖర్చు తగ్గుతుంది. అయితే ఆ ఆకారంలో చవకదనం కన్నా విలువైనది మరొకటి ఉంది.

దీర్ఘచతురస్రపు రెక్క స్టాల్ అయ్యేటప్పుడు, అంటే గాలిని ఎదుర్కొనే కోణం మరీ పెరిగి లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పడిపోయేటప్పుడు, మొదట బాడీ దగ్గర గాలి ఊడుతుంది. కొనల దగ్గర సుడి గాలిని కిందికి నెడుతూ ఉంటుంది కనుక అక్కడి భాగం గాలిని ఎదుర్కొనే కోణం నిజానికి తక్కువ. అందువల్ల కొనలు చివరిదాకా పనిచేస్తూనే ఉంటాయి, ఏలెరాన్లు (విమానాన్ని పక్కలకు వాల్చే వెనకంచు పలకలు) చేతికి అందుతాయి. మీ విమానంలో కంట్రోల్ వీల్‌ను పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుంటే అది ముక్కు ఊపుతూ నిలువుగా దిగిపోతుందే తప్ప సాధారణంగా ఒక పక్కకు విరుచుకు పడదు. విద్యార్థులకు చెరోకీ ప్రాణం పోసింది ఈ గుణమే.

రెక్క అడ్డుకోతకు నాకా సంస్థ (నాసాకు ముందున్న అమెరికా వైమానిక పరిశోధన సంస్థ) 65 శ్రేణిలోని ఆకారం తీసుకున్నారు.    రెక్క మీద సగం దూరం దాకా గాలి పొరలు చెదరకుండా జారాలన్నది ఆ శ్రేణి వెనకున్న ఆశ. ప్రయోగశాల గాలి సొరంగంలో నునుపైన నమూనా మీద అది నెరవేరుతుంది. రేకుల అతుకులు, రివెట్ తలలు, యాభై ఏళ్ల రంగు పొరలు, ముందంచున ఎండిపోయిన పురుగులు ఉన్న మీ రెక్క మీద నెరవేరదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, కొనల మీద పెట్టే డబ్బు కన్నా ముందంచును శుభ్రంగా, నునుపుగా ఉంచడం మీద పెట్టే అరగంట ఎక్కువ ఫలితం ఇస్తుంది.

1974లో వచ్చిన మార్పు

పైపర్ 1974 నమూనాగా వారియర్ తెచ్చింది. బాడీ అదే కుటుంబం, ఇంజన్ అదే 150 హార్స్‌పవర్. రెక్క మాత్రం వేరు. లోపలి సగం పాత వెడల్పే, బయటి సగం కొన వైపు సన్నబడుతూ పోతుంది. కొన నుంచి కొనకు మీ చెరోకీకి 30 అడుగులైతే వారియర్‌కు 35. విస్తీర్ణం మాత్రం 160 చదరపు అడుగుల నుంచి 170కి మాత్రమే పెరిగింది. ఈ రెండు జతల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. విస్తీర్ణం ఆరు శాతం పెరిగింది, నిడివి దాదాపు పదిహేడు శాతం. పైపర్ ఇంజనీర్లు డబ్బు ఎక్కడ పెట్టారో అదే చెబుతుంది.

రెక్క లిఫ్ట్ పుట్టించినందుకు గాలి వసూలు చేసే మూల్యాన్ని ఇండ్యూస్డ్ డ్రాగ్ అంటారు. ఒకే బరువుకు, ఒకే వేగానికి అది నిడివి వర్గానికి విలోమంగా మారుతుంది. ముప్పైని ముప్పై అయిదుతో భాగించి వర్గం చేస్తే 0.73 వస్తుంది. అంటే ఆ పద్దు కింద పాతిక శాతానికి పైగా తగ్గింపు.

మీ 140కి ఈ లెక్క వేసి చూద్దాం. పూర్తి బరువు 2,150 పౌండ్లు. సముద్రమట్టం దగ్గర గంటకు 85 మైళ్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు ఇండ్యూస్డ్ డ్రాగ్ సుమారు 118 పౌండ్లు, మొత్తం నిరోధంలో సగానికి పైగా. అదే 125 మైళ్ల క్రూయిజ్‌లో, అంటే నిలకడగా సాగే ప్రయాణంలో, సుమారు 55 పౌండ్లు, మొత్తంలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. మిగతా నాలుగు వంతులూ చక్రాలు, బాడీ, ఇంజన్ చల్లబరిచే గాలి, అతుకులు, యాంటెన్నాలు మింగేస్తాయి. కొన ఏం చేసినా అయిదో వంతు పద్దులోనే చేయాలి. మిగతా నాలుగు వంతుల దాకా దాని చెయ్యి అందదు.

ఇప్పుడు మంచి ఆకారపు కొన వల్ల రెక్క ఒక్కో వైపు మూడు అంగుళాలు, రెండు వైపులా కలిపి ఆరు అంగుళాలు పొడవైనట్టు ప్రవర్తిస్తుందనుకుందాం. ఇది నేను ఉదారంగా ఇస్తున్న అంకె. ఇండ్యూస్డ్ డ్రాగ్ 3.3 శాతం తగ్గుతుంది. క్రూయిజ్‌లో అది రెండు పౌండ్ల లోపు, వేగంలో గంటకు 0.4 మైలు. ఎక్కేటప్పుడు నాలుగు పౌండ్లు, నిమిషానికి పదమూడు పద్నాలుగు అడుగులు. అదే బరువుకు వారియర్ రెక్క నిడివి అమర్చగలిగితే ఇదే లెక్కలో నిమిషానికి సుమారు నూరు అడుగులు కలిసొస్తాయి. ఆ నూరు అడుగులను వారియర్ అదనపు బరువు మోయడానికి వాడుకుంటుంది. దాని పూర్తి బరువు 2,325 పౌండ్లు, మీకంటే 175 ఎక్కువ. అయినా ఎక్కే వేగం దాదాపు మీ అంతే. పక్క హాంగర్లో మీరు చూసింది అదే.

ఇక్కడ వారియర్ రెక్కకూ ఒక షరతు ఉందని చెప్పాలి. సన్నబడే రెక్కలో కొన వైపు ప్రతి అంగుళం వెడల్పూ ఎక్కువ పని చేయాలి, కనుక స్టాల్ అక్కడే ముందు మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే లోపలి సగాన్ని తిన్నగా ఉంచి, బయటి భాగాన్ని ముందంచు కాస్త కిందికి ఉండేలా మెలిపెట్టారు. ఆ జాగ్రత్త వల్ల వారియర్ కూడా మెత్తగానే స్టాల్ అవుతుంది. కానీ దిగేటప్పుడు తేడా తెలుస్తుంది. పది మైళ్ల వేగం ఎక్కువగా పెట్టుకుని వస్తే వారియర్ రన్‌వే మీద తేలుతూనే ఉంటుంది. మీ చెరోకీ పవర్ తీసేయగానే కూర్చుండిపోతుంది. ఒకదాని నుంచి మరొకదానికి మారే పైలట్‌కు నేను ముందుగా చెప్పే మాట ఇదే.

కొన ఆకారం నిజంగా ఏం చేస్తుంది

రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి కొన చుట్టూ తిరిగి పైకి జారుతుంది. కొన గుండ్రంగా ఉంటే ఆ గాలి హాయిగా చుట్టుకుని రెక్క పై భాగం మీదికి వచ్చేస్తుంది, సుడి లోపలి వైపు ఏర్పడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త సిగార్డ్ హోర్నర్ చూపిన పద్ధతిలో కింది వైపును వాలుగా పైకి కోసి, పై అంచును పదునుగా ఉంచుతారు. గాలి ఆ పదును దగ్గర ఊడిపోతుంది, సుడి కాస్త బయటికి జరుగుతుంది. సుడుల మధ్య దూరం పెరిగిందంటే రెక్క పొడుగైనట్టే లెక్క. నేను ఉదారంగా ఇచ్చిన ఆ మూడు అంగుళాలు ఇవే.

మీరు ప్రకటనలో చూసిన కిందికి వంగినవి వేరే రకం. సెస్నా 150కి 1970 నమూనా నుంచి ఫ్యాక్టరీలోనే శంకు ఆకారపు వంపు కొనలు వచ్చాయి, ఆ తరువాత మార్కెట్లో చాలా రకాలు తయారయ్యాయి. చూపుకు బాగుంటాయి. వాటివల్ల తక్కువ వేగంలో ఏలెరాన్ చేతికి కొంచెం గట్టిగా తగులుతుందని కొందరు పైలట్లు నాతో అన్నారు. అలా అన్నవాళ్లలో చాలామంది అదే వారంలో ఏలెరాన్ తీగలు కూడా బిగించుకున్నారు, కాబట్టి ఫలితం దేనిదో విడదీయలేం.

ఒక చెరోకీ 180 యజమానికి ఈ విషయంలో నిజం తెలుసుకోవాలని గట్టి కోరిక ఉండేది. ఇద్దరం కలిసి పాత కొనలతో ఒక ఉదయం, కొత్త కొనలతో మరో ఉదయం కొలిచాం. సూర్యోదయం కాగానే, గాలి కదలక ముందు, 4,000 అడుగుల ఎత్తులో, ఒకే ఇంధనం, ఒకే ఆర్‌పీఎం. మూడు దిక్కుల్లో ఎగిరి జీపీఎస్ వేగాల నుంచి గాలి ప్రభావం తీసేశాం. రెండు ఉదయాల మధ్య తేడా ఒక మైలు లోపు. ఒకే ఉదయం రెండుసార్లు కొలిచినప్పుడు కూడా అంతే తేడా వచ్చింది. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది గానీ, ఆ రోజు నుంచి ఏ మార్పు చేసినా ముందూ వెనకా ఇలాగే కొలిచి చూస్తున్నారు.

వింగ్‌లెట్ల సంగతి

నాసాలో రిచర్డ్ విట్‌కోంబ్ 1976లో ప్రచురించిన పరిశోధనతో వింగ్‌లెట్లు జెట్‌లకు వచ్చాయి. తరువాత కేసీ-135 అనే సైనిక జెట్ మీద ఎగిరి చూసినప్పుడు ఇంధనంలో ఆరేడు శాతం మేర ఆదా కనిపించింది. బరువైన, ఎత్తులో ఎగిరే జెట్‌కు క్రూయిజ్‌లోనే ఇండ్యూస్డ్ డ్రాగ్ పెద్ద పద్దు. పైగా రెక్కను పొడిగిస్తే విమానాశ్రయ గేటు దగ్గర చోటు చాలదు. ఈ రెండు ఇబ్బందులూ మీకు లేవు. మీరు తక్కువ ఎత్తులో, ఆ పద్దు చిన్నదిగా ఉండే వేగంలో ఎగురుతారు. నిలువుగా పెట్టే ముక్క తన ఉపరితలం రాపిడినీ, రెక్కతో కలిసే మూలలో చిక్కుకునే గాలినీ వెంట తెస్తుంది. చెరోకీ మీద ఆ రెండూ కలిసి వచ్చిన లాభాన్ని తినేస్తాయి.

మరి ఎప్పుడు రెక్క మార్పు పనికొస్తుంది

తక్కువ వేగంలో దిగాలన్నది మీ అవసరమైతే కథ మారుతుంది. అప్పుడు చూడాల్సింది ముందంచు. సెస్నా 172కి 1973 నమూనాలో ఫ్యాక్టరీయే ముందంచును కిందికి కాస్త వంచి గుండ్రంగా చేసింది. అంతకుముందు తయారైన సెస్నాలకు బయటి నుంచి బిగించే తొడుగులూ దొరుకుతాయి. స్టాల్ వేగం తగ్గుతుంది, స్టాల్ మెత్తబడుతుంది, క్రూయిజ్‌లో కొంత వేగం పోతుంది. ముందంచు ఎంత సున్నితమైనదో తెలుసుకోవాలంటే అమెరికన్ యాంకీ అనే చిన్న విమానం కథ చాలు. దాని మొదటి నమూనా ఏఏ-1 వేగంగా ఎగిరేది, కానీ స్టాల్ పదును. 1971లో ఏఏ-1ఏకి ముందంచు ఆకారం మార్చి శిక్షణకు పనికొచ్చేలా మెత్తబరిచారు. నాసా లాంగ్లీ కేంద్రం అదే యాంకీ రకం విమానాన్ని తీసుకుని బయటి సగం ముందంచును మాత్రమే వంచి, మధ్యలో మెట్టులా ఆపి, స్పిన్‌లో పడనివ్వని రెక్క మీద ప్రయోగాలు చేసింది. ఇవాళ సిరస్ విమానాల రెక్క ముందంచున మీరు చూసే ఆ మెట్టు ఆ పనికి వారసత్వమే.

ఆకారం మార్చడం ఎప్పుడూ ముందుకే తీసుకెళ్తుందని అనుకోకండి. సెస్నా 177 కార్డినల్ 1968లో కొత్త 6 శ్రేణి ఆకారంతో వచ్చింది. 1970 నమూనాకు మళ్లీ 172 తరహా పాత 2400 శ్రేణికి తిరిగి వెళ్లారు. పెద్ద కంపెనీ, పెద్ద బృందం, అయినా రెండేళ్లకే వెనకడుగు.

నిడివి విషయంలో ఎదురు ఉదాహరణ కూడా పైపర్‌దే. 1948లో డబ్బు కటకటలో ఉన్నప్పుడు తమ కబ్ అనే విమానం రెక్కను కుదించి వాగబాండ్ అనే కొత్త విమానం చేశారు. 35 అడుగులకు పైగా ఉన్నది 29 అడుగుల చిల్లరకు వచ్చింది. ఆ పొట్టి రెక్క పేసర్, ట్రైపేసర్‌లకూ పాకింది. అవి వేగంగా పోతాయి, గాలి కుదుపులు తక్కువగా తగులుతాయి. కానీ ఇంజన్ తగ్గిస్తే ఎంత నిటారుగా దిగుతాయో ట్రైపేసర్ నడిపినవాళ్లను అడగండి. నేను బేగంపేటలో పనిచేసిన పుష్పక్‌ది పొడుగు రెక్క. 90 హార్స్‌పవర్‌తో ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇద్దరిని పైకి తీసుకెళ్లేది. కొద్ది శక్తితో ఎగరాలంటే పొడుగు రెక్క కావాలని నాకు అప్పుడే అర్థమైంది, లెక్క తెలిసింది తరువాతే.

  

వేగమే కావాలంటే చదవాల్సిన పాఠం మూనీ 201 అనే విమానం. 1977లో రాయ్ లోప్రెస్టీ నాయకత్వంలో 200 హార్స్‌పవర్ మూనీ గంటకు 201 మైళ్లు అందుకుంది. కొత్త రెక్క పెట్టి కాదు. ఇంజన్ కౌలింగ్ (పై తొడుగు), ముందు అద్దం, అతుకుల సందులు ఒక్కొక్కటిగా శుభ్రం చేసి.

మీ విమానానికి నేనైతే చేసే పని

మొదట రిగ్గింగ్, అంటే ఏలెరాన్లు, ఫ్లాప్‌లు (దిగేటప్పుడు కిందికి దించే వెనకంచు పలకలు) సరైన కోణంలో ఉన్నాయా అన్నది, చూస్తాను. ఒకసారి ఒక చెరోకీ యజమాని విమానం ఎడమకు వాలుతోందని, కొత్త కొనలు వేస్తే సరిపోతుందని వచ్చారు. రెక్క వెనక నిలబడి వెనకంచు వెంట కంటితో చూస్తేనే తెలిసింది, కుడి ఫ్లాప్ పూర్తిగా పైకి పోవడం లేదు. కోణమాపకం పెడితే రెండు డిగ్రీల తేడా. ఏలెరాన్లు రెండూ మధ్యస్థానంలో కాస్త కిందికి వేలాడుతున్నాయి. ఒక మధ్యాహ్నం పని. ఆయన తిరిగొచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి చెయ్యి వదిలేసి మ్యాప్ చూసుకున్నానని చెప్పారు. వేగం కూడా ఏ కొన తెచ్చినదానికన్నా ఎక్కువే పెరిగింది.

తరువాత చక్రాల తొడుగులు. చాలా 140లకు అవి ఎప్పుడో పోయి ఉంటాయి. ఉంటే వేయించండి. ఆ తరువాత ఫ్లాప్, ఏలెరాన్ సందులను మూసే పట్టీలు. ఈ మూడూ అయ్యాక కూడా డబ్బు మిగిలితే కొనల గురించి ఆలోచించండి.

కొనలు మార్చేటప్పుడు కొన్ని విషయాలు నా మాటగా గుర్తుంచుకోండి.

కాగితాలు ముందు. వేరే ఆకారం అంటే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అనుబంధ టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మార్పుకు ఆమోద పత్రం, ఉండాలి. మీ నమూనా దానిలో పేరుతో సహా ఉండాలి. వాడుకోవడానికి సర్టిఫికెట్ యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. మీ రెక్క మీద ఇప్పటికే వోర్టెక్స్ జనరేటర్లో (గాలిని రెక్కకు అంటిపెట్టి ఉంచే చిన్న రేకులు), సందులు మూసే పట్టీలో ఉంటే వాటితో ఇది కలిసి ఉండవచ్చా అని తేల్చాల్సిన బాధ్యత బిగించేవాడిదే. ఫారం 337 (పెద్ద మార్పుల నమోదు పత్రం), లాగ్‌బుక్ నమోదు, కొత్త బరువు లెక్క, ఇవన్నీ అయ్యేదాకా పని పూర్తి కానట్టే.

ఏలెరాన్ చివర ఖాళీ. చెరోకీలో ఏలెరాన్ బయటి చివర కొనకు చాలా దగ్గర. ఫైబర్‌గ్లాస్ అచ్చులు ఒకదానికొకటి అచ్చంగా సరిపోవు. ఒక విమానంలో తనిఖీకి ముందు ఏలెరాన్‌ను పైకి కిందికి కదిపితే అంతా సవ్యంగా ఉంది. కానీ దాని అంచున పెన్సిల్ గీత మందాన తెల్లటి రంగు రాసుకున్న గుర్తు కనిపించింది. గాలిలో రెక్క పైకి వంగినప్పుడు మాత్రమే రాసుకుంటోందన్నమాట. నేల మీద రెక్క కొనను చేత్తో మెల్లగా ఎత్తి పట్టుకుని మళ్లీ కదిపి చూస్తే దొరికింది. కొన అంచును కొద్దిగా అరగదీసి సరిచేశాం. ఈ గుర్తు కోసం మొదటి పది గంటల ఎగురుట తరువాత తప్పకుండా వెతకండి.

దీపానికి నేల తీగ. ఫైబర్‌గ్లాస్ విద్యుత్తును తీసుకెళ్లదు. కొత్త కొన వేశాక రెక్క చివరి దీపం ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతోందంటే తొంభై పాళ్లు దీపం నుంచి రెక్క రేకుకు వెళ్లే తీగ మరిచారనే అర్థం.

స్క్రూలు. పగిలిన కొన తీసేటప్పుడు సగం స్క్రూ తలలు తుప్పుపట్టి తిరగవు. వాటిని డ్రిల్ చేసేటప్పుడు వెనకనున్న నట్‌ప్లేట్ (స్క్రూ బిగిసే స్థిరమైన నట్టు) రివెట్లు వదులవుతాయి. కొత్త కొన ధరలో ఈ పని గంటలు కలిపి చూసుకోండి. టెక్సస్‌లో ఆ కొనల లోపల మట్టి కందిరీగల గూళ్లు దొరకని రెక్కను నేను ఇంతవరకు చూడలేదు. కొన తీసిన రోజే టార్చి వేసి రెక్క లోపలికి చూడండి. చివరి పక్కటెముక, స్పార్ (రెక్క పొడవునా సాగే ప్రధాన దూలం) చివర, ఏలెరాన్ తీగల కప్పీలు అన్నీ ఆ ఒక్క రోజు కళ్లకు కనిపిస్తాయి. కొన మార్పులో నాకు అన్నిటికన్నా విలువైన లాభం అదే.

రెక్కను పొడిగించే ఆలోచన ఎవరైనా చెబితే మాత్రం దయచేసి ఆగండి. కొన దగ్గర చేర్చిన ప్రతి అడుగు లిఫ్టూ రెక్క మొదలు దగ్గర పెద్ద మీటలా పనిచేస్తుంది. 2018 ఏప్రిల్ 4న డేటోనా బీచ్‌లో శిక్షణలో ఉన్న ‘పైపర్ యారో’ అనే విమానం రెక్క ఒకటి గాలిలోనే ఊడిపోయింది. విద్యార్థి, పరీక్షకుడు ఇద్దరూ మరణించారు. కారణం స్పార్ కింది అంచులో, రెక్కను బాడీకి బిగించే బోల్టు రంధ్రం దగ్గర పుట్టిన అలసట పగులు. దాని తరువాత చెరోకీ కుటుంబంలోని కొన్ని పీఏ-28, పీఏ-32 నమూనాలకు ఆ రంధ్రాలను ఎడ్డీ కరెంట్‌తో (కంటికి కనిపించని పగుళ్లను పట్టే విద్యుత్ పద్ధతి) పరీక్షించాలని ఎఫ్ఏఏ ఆదేశించింది. ఆ విమానంలో ఎవరూ రెక్క మార్చలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిడివితోనే, వేల గంటల శిక్షణ ల్యాండింగుల తరువాత జరిగింది. మీ సీరియల్ నంబరు, మొత్తం గంటలు, పాత నూరు గంటల తనిఖీల సంఖ్య తీసుకుని ఆదేశాల జాబితాతో సరిచూడమని మీ మెకానిక్‌ను అడగండి. మీ విమానానికి వర్తించకపోయినా, ఒకప్పుడు శిక్షణ పాఠశాలలో తిరిగినదైతే నేను ఆ బోల్టుల దగ్గర తుప్పు కోసం ప్రత్యేకంగా చూస్తాను.

మీ ప్రశ్నలో పగుళ్లు ఎక్కడ ఉన్నాయో రాయలేదు. స్క్రూ రంధ్రాల చుట్టూ మాత్రమే నక్షత్రంలా ఉంటే అది ఎండ, వయసు, అతిగా బిగించడం. మామూలు తొడుగు వేస్తే సరి. కొన కింది భాగంలో ఒకే దిక్కుగా పొడుగు పగులు ఉంటే ఎప్పుడో హాంగర్ తలుపుకో, పక్క విమానానికో తగిలి ఉండవచ్చు. అప్పుడు కొన తీశాక చివరి పక్కటెముక అంచు వంకర పోయిందేమో, దాని రివెట్ల చుట్టూ నల్లటి పొడి గీతలు ఉన్నాయేమో చూడాలి. ఆ రెండు చోట్ల ఫోటోలు తీసి పెట్టండి, చూసి చెబుతాను.